కెప్టెన్ పంపిన జోడు

నేను కుట్టిన జోడును తిరిగి నాకే పంపించాడు చూడండి, అక్కడే ఆ పెద్దమనిషి తెలివి తెల్లారిపోయింది.

పంపింది కెప్టెన్ సిగ్వార్ట్ ట్రేఫాల్. దక్షిణపు కొసన ఉన్న మంచు ఖండంలో ఏడాదిన్నర ఉండి వచ్చిన మొనగాడు. ఆయన బొమ్మను పంచదార పొట్లాల మీద కూడా అచ్చువేసేవాళ్ళు. మా కారసయోక్ నది మీద మంచు ఇంకా విరగని రోజుల్లో, ఏప్రిల్ నెలలో, వర్తకుడి స్లెడ్జి బండి మీద ఒక మూట వచ్చింది. అందులో పాత తోలు జోడు, దానితో ఒక ఉత్తరం ఉన్నాయి. వర్తకుడు మా పొయ్యి పక్కన చతికిలబడి, నేను పోసిన కాఫీలో మా పద్ధతిలో జున్నుముక్క వేసుకుని, ఉత్తరం చదివి వినిపించాడు.

‘ఈ జోడే నన్ను ఆ ఖండం నుంచి ప్రాణాలతో ఇంటికి నడిపించింది. ఆగస్టులో మళ్ళీ బయలుదేరుతున్నాను. సరిగ్గా ఇదే కొలతతో నాకొక జోడు, మా మనుషులకు వాళ్ళ వాళ్ళ కొలతలతో పన్నెండు జతలు కావాలి. మీ ఊళ్ళో అందరికన్నా బాగా కుట్టే లాప్ ఆడమనిషి చేతనే కుట్టించండి.’ లాప్ అంటే మేమే, ఈ ఉత్తరపు కొసన రెయిన్‌డీర్ మందలు కాచుకునేవాళ్ళం.

“చూశావా రిస్టిన్, నీ పేరు రాజధాని దాకా పాకింది!” అన్నాడు వర్తకుడు.

“పేరు రాశాడా?”

“పేరంటే... పేరు లేదులే.”

“అయితే పాకింది నా పేరు కాదు, నా సూది. ఇటివ్వు, చూస్తాను.”

ఎడమ జోడు చేతిలోకి తీసుకున్నాను. ఆ తర్వాత వర్తకుడు ఏం మాట్లాడాడో నాకు తెలియదు.

అది కుడిదానికన్నా రెండు వేళ్ళ మందం పొట్టి. ముక్కు మొద్దుగా ఉంటుంది. లోకంలో అలాంటి జోడు పట్టే కాలు ఒక్కటే ఉంది. నా తమ్ముడు నీలాస్ తొమ్మిదో ఏట మంద వెంట వెళ్ళి కొండ మీద చిక్కుపడిపోయినప్పుడు, ఎడమ కాలి బొటనవేలూ దాని పక్క వేలూ చలికి చచ్చిపోయాయి. అప్పటి నుంచి వాడి జోళ్ళన్నీ నేనే కుట్టాను. వాడి కాలు కొలవడానికి నాకు తాడు కూడా అక్కర్లేదు, చేత్తో పట్టుకుంటే చాలు. రెయిన్‌డీర్ కాలి చర్మం, అడుగుకు నుదుటి చర్మం, నా చెంపకేసి రుద్ది పురిపెట్టిన నరం దారం. నా కుట్టు నాకు తెలియదా? కన్నతల్లికి బిడ్డ ముఖం చూపించి, ఇది ఎవరో గుర్తుపట్టు అన్నట్టుంది.

అందులో నాది కానిది ఒక్కటే ఉంది. ముక్కు మీద ఎవరో కత్తితో అడ్డంగా గాటు పెట్టి, తర్వాత మైనం పట్టించిన ముతక దారంతో మళ్ళీ కుట్టారు. తెరచాపలు కుట్టే దారం అది. ఓడవాడి చెయ్యి.

“ఏమైంది రిస్టిన్? ముఖం అలా పాలిపోయిందేం?” అన్నాడు వర్తకుడు.

“పొగ,” అన్నాను. “కుడతానని రాయి.”

ఇక లోకానికి తెలిసిన కథ చెప్పాలి. చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెప్తాను.

అంతకు ఆరేళ్ళ ముందు కెప్టెన్ ట్రేఫాల్ మొదటిసారి ఆ ఖండానికి వెళ్తూ, కుక్కలను తోలడానికి మా వాళ్ళు కావాలని మనుషులను పంపాడు. నీలాస్‌కు అప్పుడు ఇరవై రెండు. కుక్క చెవి విరుపును బట్టి దాని కడుపులో ఏముందో చెప్పేవాడు. ఎగిరి గంతేసి వెళ్ళాడు. అక్కడ ఒడ్డు మీద చెక్క గుడిసె వేసుకుని, సూర్యుడు కనపడని శీతాకాలమంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గడిపారు. వెలుతురు రాగానే దక్షిణంగా బయలుదేరారు. కుక్కలను తోలినవాడు నీలాస్, మంచులో ముందు నడిచి దారి తొక్కినవాడు నీలాస్. వెనక స్లెడ్జి మీద కూర్చుని కొండలకు పేర్లు పెట్టినవాడు కెప్టెన్. ఒక కొండకు ఓడకు డబ్బిచ్చిన సబ్బుల వ్యాపారి పేరు పెట్టాడు, ఇంకో కొండకు ఆ వ్యాపారి భార్య పేరు, ఒక మంచు వాగుకు వాళ్ళ పెద్దమ్మాయి పేరు. మా వాడి పేరు ఒక గులకరాయికి కూడా పెట్టలేదు.

చివరి ప్రయాణంలో ముగ్గురున్నారు. కెప్టెన్, నీలాస్, ఓడలో కెప్టెన్ తర్వాతివాడైన మేటు టోర్గైర్. తిరుగుదారిలో కుక్కలు చచ్చిపోయాయి. గాలివాన లాంటి మంచుతుఫాను ఆరు రోజులు గుడారాన్ని కదలనివ్వలేదు. ఆరో రోజు తుఫాను ఆగాక ఏం జరిగిందో కెప్టెన్ తన పుస్తకంలో రాశాడు. ఆ పేజీ నాకు నోటికి వచ్చు. ‘మేమిద్దరం నిద్రలో ఉండగా ఆ లాప్ కుర్రవాడు తన జోడు తొడుక్కుని, మిగిలిన తిండి సంచీ భుజాన వేసుకుని, మమ్మల్ని మా చావుకు వదిలేసి పారిపోయాడు. అడుగుజాడలు కొంతదూరం వెతికాం. దేవుడు అతన్ని క్షమించుగాక.’

దేవుడి మాట నాకు తెలియదు. మా ఊరు మాత్రం క్షమించలేదు. కెప్టెనూ మేటూ ఆకలితో గుడిసె చేరారు. దారిలో కెప్టెన్ ఎడమ కాలి రెండు వేళ్ళు చలికి పోయాయి. రాజధానిలో సభలు పెట్టి, మేజోడు విప్పి, ఆ కాలిని జనానికి చూపించేవాడట, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళట. ఓడ బయలుదేరిన ట్రోమ్సో రేవులో ఆ యాత్రలో చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కి రాయి నిలబెట్టారు. ఒడ్డు మీది గుడిసెలో జబ్బుతో పోయిన ఇద్దరివి, రెండు పేర్లున్నాయి. మూడోది, మా వాడిది, లేదు. చర్చిలో మా పాస్టరు ప్రార్థనలో కూడా వాడి పేరు ఎత్తలేదు. మా అమ్మ ఎల్లి చర్చికి వెళ్ళడం మానేసింది. దుకాణంలో ఆవిడ కనపడితే ఆడవాళ్ళు గంపలు దగ్గరికి లాక్కునేవాళ్ళు, దొంగను కన్న తల్లి కదా.

“నా బిడ్డ అవతలివాడి ముద్ద తినే రకం కాదే,” అనేది అమ్మ. నాలుగేళ్ళుగా అదే మాట. నేను నమ్మాను, కానీ నమ్మకాన్ని ఎవరికి చూపిస్తాం?

ఇప్పుడు చూపించడానికి ఉంది. వాడు తీసుకెళ్ళింది ఈ ఒక్క జోడే, దాన్ని తొడుక్కుని పారిపోయాడన్నారు కదా. అలాగైతే ఆ జోడు వాడి కాళ్ళకే ఉండి, ఆ ఖండంలో ఎక్కడో మంచు కింద ఉండాలి. అది నా ఒళ్ళో ఉంది. ఎవరూ వాడి శవాన్ని చూడలేదు, వాళ్ళే చెప్పారు. అంటే వాడు బతికి ఉండగా వాడి కాళ్ళ నుంచి విప్పారు. ఆ చలిలో జోడు విప్పడమంటే మనిషిని చంపడమే. పొట్టిగా ఉన్న ఎడమది కెప్టెన్‌కు పట్టలేదు, ముక్కు కోశాడు. కోసిన చోట మంచు దూరింది, ఆయన వేళ్ళు తినేసింది. వేళ్ళు పోయాక అదే జోడు ఆయన కాలికి సరిపోయింది, గాటు కుట్టించుకున్నాడు. జనం ఏడ్చి చూసిన ఆ కాలు నా తమ్ముడి దగ్గర దోచుకున్న జోడు పెట్టిన గుర్తు.

ఆ జోడు నాకే పంపాడు. ఆయన దృష్టిలో జోడంటే జోడే, అంగట్లో కొన్న వస్తువు. మాలో చంటిపిల్లకు కూడా తెలుసు, జోడు ఎవరిదో, ఎవరు కుట్టారో, ఏ కాలికో. ఈ ఒక్కటీ తెలిసి ఉంటే దాన్ని సముద్రంలో పారేసేవాడు.

అమ్మకు చెప్పలేదు. జోడును నా సూదుల పెట్టె అడుగున దాచాను.

మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళలేదేం అని అడగొచ్చు. వెళ్తే ఏమవుతుంది? నన్ను గుమ్మంలో నిలబెట్టి, జోడు తీసుకుని, విచారిస్తామని చెప్పి పంపిస్తారు. ఆ జోడు మళ్ళీ నా కంటపడదు. నాకు కాగితం వద్దు. ఆ మనిషి నోటితో, పదిమంది ముందు, మా వాడు దొంగ కాదని రావాలి. అది రాకపోతే ఆయన కాళ్ళు ఆ ఖండంలోనే కుళ్ళాలి. నేను దేవతను కాను, ముందు ఆలోచించింది రెండోదే.

కెప్టెన్ జోడు అన్నిటికన్నా ముందు కుట్టాను. మంచి చర్మమే తీసుకున్నాను. కుట్టే ముందు దాన్ని మంట మీద పట్టుకున్నాను, రంగు మారనంత దూరంలో, లోపల జిగురు చచ్చిపోయేంత సేపు. పైకి ఏమీ తెలియదు. ఇంట్లో, రేవులో, ఓడలో పట్టులా మెత్తగా ఉంటుంది. అసలు చలిలో పది రోజులు నడిస్తే ఎండుటాకులా విరిగిపోతుంది. మా వాళ్ళెవరూ చర్మాన్ని నిప్పు దగ్గరికి పోనివ్వరు, తడి జోడును పొట్ట మీద పెట్టుకుని ఆరబెట్టుకుంటారు. నేను మాత్రం ఆ రోజు చర్మం కాలుస్తూ పాట పాడుకున్నాను. అంత హాయిగా ఉండింది.

జూన్‌లో మా చిన్నాన్న కొడుకు మాత్తె వచ్చాడు. పెళ్ళయి మూడు నెలలు కాలేదు, ముఖం వెలిగిపోతోంది.

“అక్కా! నన్ను తీసుకున్నారు! నలుగురం వెళ్తున్నాం కుక్కలతో. అందరిలోకీ నాకే పెద్ద పని తెలుసా!”

“ఏం పని?”

“కెప్టెన్‌గారి స్లెడ్జి నాదే. దక్షిణం దాకా ఆయనా నేనూ, పక్కపక్కనే.”

నా చేతిలో సూది ఆగిపోయింది.

“ఏంటక్కా, సంతోషంగా లేదా? నీలాస్ సంగతి గుర్తొచ్చిందా?”

“ఆయన కాలు విరిగితే ఎవరు మోస్తారు రా?”

“ఇంకెవరు, నేనే. అందుకేగా తీసుకెళ్ళేది.” నవ్వాడు. “బాగా బరువుంటాడేమో కదా?”

ఆ ఖండంలో ఒక మనిషి కాలు ఆగితే స్లెడ్జి ఆగుతుంది, తిండి తరిగిపోవడం ఆగదు. ఈ వెర్రివాడు ఆయన్ని మోస్తూ మోస్తూ ఆయనతో పాటే చస్తాడు. లేదా అంతకుముందే ఆయన వీడి జోడు మీద కన్నేస్తాడు. కెప్టెన్ ప్రాణం కోసం నేను వేసిన ఉచ్చులో ముందు పడేది మా వాడే.

లేచి, కాల్చిన జోడును తీసి పొయ్యిలో పడేశాను. ఇల్లంతా కంపు కొట్టింది.

“పిచ్చెక్కిందా నీకు? కొత్త జోడు!”

“తలుపు వేసి కూర్చో,” అన్నాను. పెట్టె అడుగు నుంచి పాత జోడు తీసి వాడి ఒళ్ళో పెట్టాను. వాడు ఎడమదాని ముక్కు మీద వేలు వేశాడు. చిన్నప్పుడు వీడూ నీలాసూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు, ఆ కాలు తన్నిన తన్నులు వీడే తిన్నాడు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

“ఎక్కడిది?” అన్నాడు.

“కెప్టెన్ పంపాడు. తనను బతికించిన జోడట.”

వాడు లేచి నిలబడి మొలకత్తి మీద చెయ్యి వేశాడు. “నేను ఇప్పుడే పోతా.”

“పోయి? పొడిచి జైలుకెళ్తావా? దొంగ కుటుంబమే కాదు, హంతకుల కుటుంబం కూడా అని మా అమ్మను ఊరి చేత అనిపిస్తావా? కూర్చో. నోరు మూసుకుని ఓడ ఎక్కేదాకా మామూలుగా ఉండు. మిగతా ముగ్గురికీ చెప్పు, వాళ్ళూ నోరు విప్పకూడదు.”

“నువ్వేం చేస్తావ్?”

“ఆయన అడిగిందే. సరిగ్గా ఇదే కొలతతో కుడతాను.”

నా కోపం తగ్గిందనుకోకండి. దారి మార్చుకుంది, అంతే. ఆ రెండో జోడు నా జీవితంలో నేను కుట్టిన వాటన్నిటికన్నా మంచిది. ఎడమది పొట్టిగా, మొద్దు ముక్కుతో, నీలాస్ కాలు ఎలా ఉండేదో అలాగే. నది ఒడ్డున గడ్డి కోసి, కర్రతో మెత్తగా కొట్టి, దువ్వి, చుట్టలు చుట్టాను. మేం మేజోళ్ళు వేసుకోం, జోడులో ఈ గడ్డినే పాదం చుట్టూ గూడులా పేర్చుకుంటాం. దక్షిణాదివాళ్ళు మూడు మేజోళ్ళు వేసుకుని వేళ్ళు పోగొట్టుకుంటారు.

ఆగస్టు రెండో వారంలో పదమూడు జతలూ మూటగట్టుకుని నదిలో పడవ మీద, తర్వాత తీరం వెంట స్టీమరు మీద ట్రోమ్సో వెళ్ళాను. జోళ్ళు నేనే తెస్తానని ముందే కబురు పంపాను. కెప్టెన్ ఎగిరి గంతేశాడట. రాజధాని నుంచి పత్రికలవాళ్ళు వస్తున్నారు, ఫోటోలు తీసేవాడు వస్తున్నాడు, లాప్ ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని జోడు తొడుగుతుంటే బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుందన్నాడట.

రేవు కిటకిటలాడుతోంది. బ్యాండు, జెండాలు, తెల్లగౌన్ల బడిపిల్లలు, నగర పెద్దలు, ఓడ మీద కుక్కల గోల. ఆ రెండు పేర్ల రాయికి కొత్త పూలదండ వేశారు. మా పాస్టరు కూడా దీవెనలు చెప్పడానికి వచ్చాడు. ఓడ ఎక్కే పలక పైన మేటు టోర్గైర్ తాడు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. పత్రికల బొమ్మల్లో నల్లగా ఉన్న జుట్టు తెల్లబడిపోయింది. అతను సంబరంలోకి దిగి రావడం లేదు.

కెప్టెన్ ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. చక్కగా నవ్వాడు. నిజం చెప్పాలి, అందగాడే.

“రా అమ్మాయ్, రా! మా ప్రాణాలన్నీ నీ చేతిలోనే ఉన్నాయి!”

జనం నవ్వారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, జోడులో గడ్డి పేర్చి, ముందు కుడిది తొడిగాను. తర్వాత ఎడమది. ఆయన పాదం చేతిలోకి తీసుకుంటే నా వేళ్ళకు తెలిసిపోయింది. బొటనవేలు లేదు, పక్క వేలు లేదు. జోడు చేతికి తొడుగులా పట్టింది.

ఆయన లేచి నిలబడ్డాడు, రెండు సార్లు నేల మీద తొక్కాడు. “అబ్బ! ఎక్కడా బిగుతు లేదు, వదులు లేదు! నా కాలు చూడకుండానే ఎలా కుట్టావ్?”

“మీరు పంపిన జోడు కొలతే దొరగారూ.” మూటలోంచి పాత జోడు తీసి ఎత్తి చూపించాను. “ఇదే కదా? మిమ్మల్ని ఇంటికి నడిపించింది?”

“అదే!” జనం వైపు తిరిగాడు. “ఈ జోడే! మొదటి యాత్ర అంతా నా కాళ్ళకు ఇదే!”

“అంతా ఇదేనా? మొదటి రోజు నుంచీ?”

“మొదటి రోజు నుంచీ!”

పత్రికలవాళ్ళు రాసుకున్నారు. నాకు కావలసింది అదే.

“మీ వేళ్ళు ఎప్పుడు పోయాయి దొరగారూ?”

“అందరికీ తెలిసిందేగా. ఆ దొంగ పారిపోయాక, తిరిగి వస్తూ.”

“అయితే నాకొక సందేహం. వెళ్ళేటప్పుడు మీకు అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఈ జోడు మూడు వేళ్ళ కాలికి కుట్టింది. కుట్టింది నేను. మొదటి రోజు మీ కాలు ఇందులో ఎలా పట్టింది?”

ఆయన నవ్వు ముఖం మీదే ఉంది, కళ్ళలోంచి పోయింది. బ్యాండువాళ్ళు ఏం జరుగుతోందో తెలియక ఇంకా వాయిస్తున్నారు. ఎవరో చెయ్యి ఊపి ఆపించారు.

“ఏం మాట్లాడుతోంది ఈవిడ?” అన్నాడు కెప్టెన్.

“నా పేరు రిస్టిన్. మీరు దొంగ అని రాసిన నీలాస్‌కు అక్కను. వాడి ఎడమ కాలికి రెండు వేళ్ళు తొమ్మిదో ఏటే పోయాయి. అడగండి, పాస్టరుగారు ఇక్కడే ఉన్నారు.”

పాస్టరు చేతిలోని ప్రార్థన పుస్తకం మూశాడు. “అవును,” అన్నాడు. “వాడు కుంటేవాడు.”

“సామాన్లలో మారిపోయి ఉంటుంది,” అన్నాడు కెప్టెన్ గబగబా. “వాడు నా జోడు వేసుకుని పారిపోయాడు. దొంగకు ఏ జోడైతే ఏం?”

“మీ పుస్తకంలో ‘తన జోడు తొడుక్కుని’ అని ఉంది. పాస్టరుగారే నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఇందాక మొదటి రోజు నుంచీ ఇదే మీదన్నారు. ఇప్పుడు మారిపోయిందంటున్నారు. ఒక్కటి చెప్పండి దొరగారూ, ఏదో ఒక్కటి.”

“నీకు మతి పోయింది. ఎవరక్కడ, ఈవిడను అవతలికి తీసుకెళ్ళండి!”

ఎవరూ కదల్లేదు. నేను ఆయన్ని వదిలేసి పలక పైన ఉన్న మేటు వైపు చూశాను. జోడు ముక్కు మీది ముతక కుట్టును పైకి ఎత్తి పట్టాను.

“టోర్గైర్‌గారూ! ఇది ఓడవాడి కుట్టు. మీదేనా?”

అతను తాడు కింద పెట్టాడు. పలక మీదుగా దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నా ముఖం చూడలేదు, జోడును చూశాడు.

“నాదే,” అన్నాడు.

“టోర్గైర్!” అని అరిచాడు కెప్టెన్.

“నాలుగేళ్ళు మోశాను కెప్టెన్, ఇక నా వల్ల కాదు.” అతను గొంతు పెంచలేదు, అయినా రేవంతా వినపడింది. “ఈయన తన జోడును స్టవ్ మీద ఆరబెట్టాడు. వద్దని ఆ అబ్బాయి బతిమాలాడు. వినలేదు. అడుగు పగిలిపోయింది. తుఫాను ఆగేసరికి ఇద్దరికి సరిపడా తిండే ఉంది. నేను దిక్కులు లెక్కకట్టేవాణ్ణి, దారి చూపాలి. ఈయన కెప్టెన్. మిగిలింది అతను.”

“తిండి సంచీ?” అన్నాను.

“మా దగ్గరే ఉంది. గుడిసె దాకా మేమే తిన్నాం. అతను ఏమీ తీసుకోలేదు.”

జనంలో ఒక ఆడమనిషి దేవుడి పేరు తలుచుకుంది. నాకు కావలసిన మాట వచ్చేసింది, కెప్టెన్ నోటి నుంచి కాకపోయినా పదిమందిలో వచ్చింది. అక్కడితో ఆపి ఉండొచ్చు. కానీ ఆపలేకపోయాను.

“విప్పేటప్పుడు వాడు మెలకువగా ఉన్నాడా?”

టోర్గైర్ తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“మెలకువగానే ఉన్నాడు. అతనే విప్పి ఇచ్చాడు. సహాయం తీసుకుని తిరిగి వస్తామని కెప్టెన్ మాట ఇచ్చాడు. నమ్మాడు. ఒక్కటే అడిగాడమ్మా. జోడు తీసుకోండి, లోపలి గడ్డి మాత్రం ఉంచండి, మా అక్క కోసింది, కాళ్ళకు చుట్టుకుంటాను అన్నాడు.”

“ఉంచారా?”

అతను తల అడ్డంగా ఊపాడు. “గడ్డి లేకుండా జోడు పనికిరాదని అతని దగ్గరే నేర్చుకున్నాం. అది కూడా తీసుకున్నాం.”

నాకు అరుపు వచ్చిందో ఏడుపు వచ్చిందో గుర్తు లేదు. నా వెనక మాత్తె ఓడలోంచి తన మూట దింపి రాళ్ళ మీద పడేసిన చప్పుడు విన్నాను. తర్వాత మిగతా ముగ్గురి మూటలూ పడ్డాయి. అరవై కుక్కలు, వాటితో మాట్లాడగలిగే మనిషి ఒక్కడూ ఓడ మీద లేడు. కుక్కలు లేని యాత్ర రేవు దాటదని అక్కడున్న అందరికీ తెలుసు, అందరికన్నా బాగా కెప్టెన్‌కు తెలుసు.

“ఎంత కావాలంటే అంత ఇస్తాను,” అన్నాడు. మాత్తెతో అన్నాడు, నా వైపు చూడకుండా.

“ముందు నా జోడు విప్పండి,” అన్నాను.

“ఇక్కడా?”

“ఇక్కడే. వాడు ఎక్కడ విప్పాడో అక్కడికి తీసుకెళ్ళలేను కదా.”

నగర పెద్దల వంక చూశాడు. వాళ్ళు సముద్రం వంక చూస్తున్నారు. ఫోటోలవాడు నల్లగుడ్డ కిందికి తల దూర్చాడు. కెప్టెన్ మళ్ళీ ఆ చెక్కపెట్టె మీద కూర్చుని, ముడి విప్పాడు. వేళ్ళలోంచి రెండుసార్లు జారింది. నేను సాయం చేయలేదు. రెండూ తీసి నా ముందు పెట్టి, మేజోళ్ళతో లేచి నిలబడ్డాడు. ఎడమ మేజోడు కొస ఖాళీగా వేలాడుతోంది. పడమటి గాలి మొదలైంది, రేవు రాళ్ళు తడిగా ఉన్నాయి. తప్పుకో అన్నట్టు చూశాడు.

“గడ్డి ఉంది,” అన్నాను.

“ఏమిటి?”

“మీ మేజోళ్ళకు అంటుకుని ఉంది. అది కూడా నేను కోసిందే.”

ఆయన తన పాదాల వంక చూసుకున్నాడు. జనమంతా చూశారు. వంగాడు. ఒక్కొక్క పోచా ఏరి నా చేతిలో పెట్టేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.